పాత కార్ల అల్యూమినియం బీడింగులను బఫింగ్‌కు ఇచ్చేవారికి హెచ్చరిక

1960ల నాటి నా ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌ తలుపుల మీదుగా సాగే సన్నని అల్యూమినియం బీడింగులపై గీతలు పడితే, వాటిని కొత్తవాటిలా చేసి ఇస్తామని హైదరాబాదులోని ఒక బఫింగ్ (తిరిగే గుడ్డ చక్రంతో లోహానికి మెరుగుపెట్టే) దుకాణం వారు ఒప్పుకుని తీసుకున్నారు. తిరిగి ఇచ్చిన రోజున అవి తళతళలాడాయి. ఒక్క వర్షాకాలం గడిచేసరికి మసకబారి, అక్కడక్కడ తెల్లటి పొడి పేరుకుంది. పైగా క్లిప్పులు పట్టే అంచులు బఫింగ్ చక్రానికి అరిగిపోవడంతో పట్టీలు బాడీ నుంచి లేచి నిలుస్తున్నాయి.

ఈ బీడింగులకు ఫ్యాక్టరీలో ఉన్న మెరుపు క్రోమ్ కాదు, అనోడైజింగ్. మెరుగుపెట్టిన అల్యూమినియంను సల్ఫ్యూరిక్ ఆమ్లపు తొట్టిలో ముంచి విద్యుత్తు పంపితే, పైన కొన్ని మైక్రాన్ల మందాన పారదర్శకమైన, గట్టి ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. గీతలను తీయాలంటే ముందుగా ఈ పొరను కాస్టిక్ సోడాతో జాగ్రత్తగా తొలగించి (పొర పోయాక కూడా ఉంచితే అది లోహాన్నే తినేస్తుంది), సొట్టలను వెనకనుంచి చిన్న సుత్తితో సరిచేసి, 400 నుంచి 1000 నంబరు వరకు వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) పట్టి, ఆ తరువాతే బఫింగ్ చేసి, చివరకు మళ్ళీ అనోడైజింగ్ చేయించాలి.

నాకు జరిగిందేమిటంటే, బిల్లుపై "పూర్తి రిస్టోరేషన్" అని రాసిన ఆ దుకాణం వారు పాత పొరపైనే చక్రం పెట్టి, ఎత్తైన చోట్ల లోహం బయటపడేదాకా, గాడుల్లో పొర అలాగే మిగిలిపోయేలా అరగదీసి, ఆ రెండు రంగులు కనబడకుండా పైన లక్కర్ (పారదర్శకమైన వార్నిష్) కొట్టారు. నునుపైన అల్యూమినియంపై లక్కర్‌కు పట్టు ఉండదు. చిన్న రాయి తగిలి చిట్లినా నీరు లోపలికి చేరి పాకుతుంది. అడిగితే, అందరికీ ఇలాగే చేస్తామని జవాబిచ్చారు. బహుశా అది నిజమే.

స్టీలు బంపర్లకు క్రోమ్ వేసే చోట కూడా వీటిని ఇవ్వకండి. అక్కడ స్టీలును శుభ్రం చేసే వేడి క్షార ద్రావణాలు అల్యూమినియంను కరిగిస్తాయి.

పని అప్పగించేటప్పుడు అనోడైజింగ్ ఎక్కడ చేయిస్తారో బిల్లుపై రాయించుకోండి, ముందు ఒక చిన్న ముక్క మాత్రమే ఇవ్వండి, లక్కర్ అసలు కొట్టవద్దని స్పష్టంగా చెప్పండి. తిరిగి తీసుకునేటప్పుడు దుకాణంలోనే మల్టీమీటర్‌ను (విద్యుత్తును కొలిచే చిన్న పరికరం) కంటిన్యుటీలో, అంటే రెండు మొనల మధ్య విద్యుత్తు పారితే బీప్ చేసే అమరికలో పెట్టి, రెండు మొనలను పట్టీ ముందువైపున గుచ్చకుండా తేలికగా ఆనించండి. ఆక్సైడ్ పొర విద్యుత్తును ఆపుతుంది కాబట్టి, బీప్ వినిపిస్తే అక్కడ అనోడైజింగ్ లేనట్లే. లక్కర్ కూడా విద్యుత్తును ఆపుతుంది. అది ఉంటే ఈ పరీక్షకు అర్థం ఉండదు.