తెలుగు రాతపనికి లినక్స్ మింట్: ఆరేళ్ళ వాడకం తర్వాత

2020 జనవరి 14తో విండోస్ 7కి భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. అప్పటికి నా లాప్‌టాప్ కొని ఆరేళ్ళు, ర్యామ్ 4 జీబీ. కొత్తది కొనే వీలు లేక ఆ నెలలోనే, విండోస్ బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ 19.3 వేసుకున్నాను. పాత మిషన్‌కి తేలికగా ఉంటుందని అందులో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే డెస్క్‌టాప్ ఉన్న రకం తీసుకున్నాను. ఇప్పుడు మింట్ 22 మీద ఉన్నాను. మధ్యలో హార్డ్‌డిస్క్ తీసేసి దానికన్నా వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ పెట్టించాను, అంతే ఖర్చు. నా పని అనువాదాలు, ప్రూఫులు దిద్దడం. రోజంతా తెలుగు టైపింగే కాబట్టి ముందు దాని సంగతే చెబుతాను.

కీబోర్డ్ సెట్టింగుల్లోకి వెళ్ళి తెలుగు లేఅవుట్ చేర్చుకుంటే చాలు, భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డ్ అమరిక ఇన్‌స్క్రిప్ట్ వచ్చేస్తుంది. విడిగా ఏదీ దించుకోనక్కర్లేదు. ఎడమచేతికి అచ్చులు, గుణింతాలు; కుడిచేతికి ఎక్కువగా హల్లులు. పొల్లు డి కీ మీద ఉంటుంది. అక్క అని రావాలంటే షిఫ్ట్ డి, కె, డి, కె. నాకు చేయి కుదరడానికి మూడు వారాలు పట్టింది. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే అలవాటున్నవాళ్ళకి ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రామ్ ద్వారా ఆర్‌టీఎస్ అనే లిప్యంతరీకరణ పద్ధతి కూడా ఉంది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు చేసిన పోతన, వేమన ఫాంట్లు సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లోనే దొరుకుతాయి. పొడుగాటి ప్రూఫులు నేను పోతనలోనే చదువుతాను, కళ్ళకి హాయిగా ఉంటుంది.

అసలు చిక్కు డీటీపీ (కంప్యూటర్‌లో పుస్తకం పేజీలు కూర్చే పని) దగ్గర వచ్చింది. ఇప్పుడు ప్రతి భాష అక్షరానికీ ఎక్కడైనా ఒకే కోడ్ ఉండేలా యూనికోడ్ అనే ప్రమాణం ఉంది; నా పాత ఫైళ్ళన్నీ అది కాని ఫాంట్లలో ఉన్నాయి. వాటిలో తెలుగు అక్షరం వెనక ఉండేది ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల కోడ్. ఆ ఫాంట్ లేని చోట తెరిస్తే పేజీ నిండా అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. పదేళ్ళ పని అలా కనబడేసరికి కడుపులో దేవినట్టయింది. పాత ఫాంట్ కోడ్‌ని యూనికోడ్‌గా మార్చే కన్వర్టర్లతో ఒక్కొక్కటీ మార్చి, చెడిపోయిన వత్తులు చేత్తో దిద్దుకున్నాను. నాలుగు నెలలు పట్టింది. డీటీపీ చేసే అతను మాత్రం ‘యూనికోడ్ నా పేజ్‌మేకర్‌లోకి రాదు సార్’ అన్నాడు. పేజ్‌మేకర్ అతను పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్. అతను యూనికోడ్ తీసుకునే ఇన్‌డిజైన్‌కి మారేదాకా, ఆ కన్వర్టర్‌ని తిరగేసి యూనికోడ్‌ని పాత ఫాంట్‌లోకి మార్చి ఇవ్వాల్సి వచ్చింది.

కానీ ఆ కష్టానికి దక్కినది చాలా పెద్దది. ఇప్పుడు నా డ్రాఫ్టులన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్ళు. అర్థం అని ఉండాల్సిన చోట అర్ధం అని ఎక్కడెక్కడ పడిందో, టెర్మినల్‌లో (ఆదేశాలు టైప్ చేసే విండో) గ్రెప్ అనే వెతికే కమాండ్ ఇస్తే అన్ని ఫైళ్ళలోంచీ ఒకేసారి తీసి చూపిస్తుంది. ప్రూఫులు దిద్దేవాడికి ఇంతకన్నా ఏం కావాలి! లిబ్రాఫీస్‌లో (ఎంఎస్ ఆఫీస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్) తెలుగు స్పెల్‌చెక్ మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. సంధి కలిసిన మాటల కింద, విభక్తి చేరిన మాటల కింద ఎర్రగీతలే. నేను ఆపేసుకున్నాను.

పాత ప్రింటర్‌కి లినక్స్ డ్రైవర్ సరిగా లేదు. రెండు ఆదివారాలు పోయాక దాన్ని అమ్మేసి, డ్రైవర్ అక్కర్లేకుండా నెట్‌వర్క్ మీద పనిచేసేది కొన్నాను.

అప్‌డేట్లు నేను సరే అంటేనే ఎక్కుతాయి. ఆరేళ్ళలో ఒక్కసారే దెబ్బతిన్నాను. కర్నెల్ (హార్డ్‌వేర్‌ని నడిపే లినక్స్ మూలభాగం) అప్‌డేట్ ఒకటి అయ్యాక వైఫై పోయింది. మర్నాడు ప్రూఫులు ఇవ్వాలి, చాలా టెన్షన్ పడ్డాను. రీస్టార్ట్ చేసి, మొదట్లో వచ్చే మెనూలో పాత కర్నెల్ ఎంచుకుంటే మళ్ళీ వచ్చింది. అప్పటి నుంచి ప్రతి అప్‌డేట్‌కి ముందు టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రామ్‌తో ఒక స్నాప్‌షాట్, అంటే వెనక్కి తిరిగి వెళ్ళడానికి సిస్టమ్ కాపీ, తీసుకుంటున్నాను. అది సిస్టమ్ ఫైళ్ళకే. మన ఫైళ్ళు మనమే వేరే డిస్క్‌లో దాచుకోవాలి, ఇది చాలామందికి తెలియదు.

2025 అక్టోబరులో విండోస్ 10కి కూడా మద్దతు ముగిశాక మా చెల్లెలు ‘అన్నయ్యా, నా డెస్క్‌టాప్‌లో కూడా వేసిపెట్టు’ అంది. వెంటనే వేయలేదు. మింట్‌ని పెన్‌డ్రైవ్ నుంచే రెండు రోజులు నడిపించాను. వైఫై, సౌండ్, తను వాడే ప్రింటర్, మూడూ పనిచేశాయని తను చెప్పాకే ఇన్‌స్టాల్ నొక్కాను.