ఆకుకూరల తోటకు వర్మీ బెడ్: పెట్టిన డబ్బు తిరిగొస్తుందా?

మాది ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దున ఉన్న పర్లాకిమిడి శివారు. 40 సెంట్ల మెట్టలో కొత్తిమీర, పుదీనా, మెంతికూర, పాలకూర, గోంగూర వేస్తాం. గట్ల మీద కరివేపాకు, నిమ్మగడ్డి. సగం సరుకు ఊళ్లో బజారుకు, మిగతాది పాతపట్నం వైపు పోతుంది. రసాయన ఎరువులు వెయ్యం. వెయ్యమని చెప్పినంత మాత్రాన బజార్లో ఎవరూ రూపాయి ఎక్కువివ్వరు. పక్కావిడ కొత్తిమీర కట్ట పది రూపాయలకు అమ్ముతుంటే మనమూ పదికే అమ్మాలి. రేటు మన చేతిలో లేనప్పుడు ఖర్చు తగ్గించుకోవాలి, మాకు అన్నిటికంటే పెద్ద ఖర్చు ఎరువు. వర్మీ కంపోస్టు, అంటే వానపాముల ఎరువు, బయట కొంటే కిలో 8 రూపాయలు, ఒక్కోసారి 10. అందుకే దాన్ని మేమే తయారుచేసుకోవడానికి ఈ వర్మీ బెడ్ కొన్నాం. ఏడాది తిరిగాక రెండోది కూడా తెప్పించాం. అలాగని అంతా బాగుందని కాదు.

వస్తువు చూస్తే హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్ గుడ్డతో కుట్టిన పెద్ద తొట్టి. 12 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు. పక్కల గాలాడటానికి జాలీలు, కర్రలు దూర్చడానికి కుట్టిన సందులు, ఒక మూల అడుగున నీళ్లు దిగే పైపు. ధర 2 వేల లోపే. కర్రలు మాత్రం పంపరు, వెదుళ్లు మనమే కొట్టుకోవాలి. మా గజపతి జిల్లాలో వెదురుకు కరువు లేదు కాబట్టి అదో సమస్య కాలేదు. కొనేటప్పుడు రంగూ బొమ్మా చూడకుండా గుడ్డ మందం ఎన్ని జీఎస్‌ఎం (చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల బరువు), ఐఎస్ 15907 ప్రమాణం ఉందా అని అడగండి. వర్మీ బెడ్లకు భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) పెట్టిన ప్రమాణం అది. పల్చటి రకం తీసుకుంటే పేడ బరువుకు మధ్యలో పొట్ట ఉబ్బుతుంది. మాది మందం రకమే, కుట్లు ఇప్పటికీ గట్టిగానే ఉన్నాయి.

నచ్చనిది ఆ మూల పైపు. దాని మొదట్లో గుడ్డకు వేసిన ప్లాస్టిక్ బిళ్ల వదులు. నీళ్లు పైపులోంచి రాకుండా బిళ్ల చుట్టూ కారి కింద మట్టిలో ఇంకిపోయేవి. ఆ నీళ్లే వర్మీవాష్, పది వంతుల నీళ్లలో కలిపి పుదీనా మీద కొడతాం, ఊరికే పోతుంటే ప్రాణం ఉసూరుమంటుంది. చివరికి మా ఆయన హార్డ్‌వేర్ షాపులో వాటర్ ట్యాంకుకు వేసే నిపుల్, రెండు రబ్బరు వాషర్లు తెచ్చి బిగించారు. వంద రూపాయల్లోపు పని. కంపెనీ వాళ్లే వేసి పంపితే వాళ్ల సొమ్మేం పోయింది? బెడ్ కింద నేల మాత్రం పైపు మూలకు కాస్త వాలుగా ఉండాలి, లేకపోతే ఏ వాషరూ పనిచెయ్యదు.

దీంతో వచ్చిన కాగితం కూడా పనికిమాలినది. హిందీలో, ఇంగ్లీషులో నాలుగు ముక్కలు, అంతే. పచ్చి పేడ వేస్తే వేడెక్కి వానపాములు చచ్చిపోతాయన్న మాటే అందులో లేదు. పేడను రెండు మూడు వారాలు బయట పోగేసి, నీళ్లు చల్లుతూ చల్లార్చి, చెయ్యి పెడితే వేడి తగలనప్పుడు బెడ్‌లోకి ఎత్తాలి. అడుగున ఎండుటాకు, కొబ్బరి పీచు. పైన పేడ, తరిగిన అరటి బోదె, తోటలో ఏరిన కలుపు. ఒక పిడికెడు తీసి గట్టిగా పిండితే చుక్కో రెండు చుక్కలో రావాలి. ధారగా కారితే తడి ఎక్కువైనట్టు. పైన తడి గోనెలు కప్పితే సరిపోతుంది.

నీడ సంగతి ముందే చూసుకోండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఇటు గజపతినీ అటు శ్రీకాకుళాన్నీ ఊడ్చేసినప్పుడు మా గట్టు మీది జీడిమామిడి చెట్లన్నీ పడిపోయాయి. ఇప్పుడున్నవి లేత చెట్లు, వాటి నీడ చాలదు. తాటాకు పందిరి వేసుకోవాల్సొచ్చింది, ఆ కూలీ సామానూ కలిపితే బెడ్ ధరను మించింది. జోరు వానలో పందిరి లేకపోతే బెడ్ చెరువైపోతుంది, వానపాములన్నీ పైకి పాకి బయటికి పోతాయి. ఆన్‌లైన్‌లో ధర చూసి మురిసిపోయేవాళ్లు ఈ ఖర్చు కూడా కలుపుకోండి.

వానపాములు మాత్రం పార్సిల్లో తెప్పించకండి. ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర రెండు కిలోలు చెప్పాం. ఎండాకాలం, డబ్బా దార్లో ఎక్కడెక్కడ తిరిగిందో, మూత తియ్యగానే కుళ్లు కంపు. ఫొటోలు పంపితే ‘మేము పంపినప్పుడు బతికే ఉన్నాయి’ అన్నారు. డబ్బు తిరిగి రాలేదు. తర్వాత దగ్గర ఊరి రైతు ఒకాయన గంపలో పేడతో సహా ఇచ్చారు. అవి ఆ వారంలోనే పని మొదలెట్టాయి. చీమలకు బెడ్ చుట్టూ బూడిద, పసుపు చల్లుతాం. పందికొక్కులకు ఇంకా మందు దొరకలేదు, జాలీ ఒక చోట కొరికేశాయి, ఇనుప జల్లెడ ముక్క కట్టి నెట్టుకొస్తున్నాం.

ఇక లెక్క. ఒకసారి నింపితే రెండు నెలలకు అటూ ఇటూగా కంపోస్టు తయారవుతుంది. తీసే ముందు నాలుగైదు రోజులు నీళ్లు ఆపితే పాములు కిందికి దిగుతాయి, పైపైన చేత్తో గీరి జల్లించుకోవడమే. మాకు తడవకు 5, 6 క్వింటాళ్లు వస్తోంది. 8 రూపాయల చొప్పున చూసినా 4 వేలు దాటింది. అంటే బెడ్ ఖరీదు మొదటి తడవకే వచ్చేసింది, పందిరి ఖరీదు రెండో తడవకు. పేడ మా రెండు ఆవులది చాలదు, పక్కింటి గత్తం కూడా కొంటాం, ఆ ఖర్చు తీసేసి చూసుకున్నా మిగులే. ఎకరాకు 2 టన్నులని వేసుకుంటే మా 40 సెంట్లకు పంటకు 8 క్వింటాళ్లు కావాలి, ఒక్క బెడ్‌కు అందదు. రెండోది కొన్నది అందుకే. కార్తీకంలో ఇక్కడ ఒడియా ఇళ్లలోనూ తెలుగు ఇళ్లలోనూ నీచు మానేసేవాళ్లు ఎక్కువ, ఆకుకూర ఎంత తెచ్చినా పోతుంది. ఆ నెలకు మళ్లు సిద్ధం కావాలంటే వానల్లోనే బెడ్ నిండి ఉండాలి.

కంపోస్టు అమ్ముకుని బాగుపడదామనుకునేవాళ్లకు ఈ బెడ్ నేను చెప్పను. రెండు బెడ్ల సరుకుకు బస్తాలు, తూకం, కిరాయి పోగా చేతికొచ్చేది తక్కువ. సొంత మళ్లకు వేసుకుంటేనే లాభం. ‘సేంద్రియం’ ముద్ర కావాలంటే అది వేరే దారి. రైతులే జట్టుగా ఒకరి పొలం ఒకరు చూసి ధ్రువీకరించుకునే పీజీఎస్ పద్ధతిలో చేరాలంటే కనీసం ఐదుగురు రైతులు జట్టు కట్టాలి. మా ఊళ్లో ఇప్పటికి ముగ్గురం.

సొంత భూమి, పశువుల కొట్టం, బోలెడు పేడ ఉన్నవాళ్లు ఇటుకలతో తొట్టె కట్టుకోండి, ఎలుకల గోల తగ్గుతుంది, ఏళ్ల తరబడి ఉంటుంది. కౌలుకు చేసేవాళ్లకైతే బెడ్డే మేలు. భూమి ఆసామి వచ్చే ఏడు ఇవ్వనంటే వెదుళ్లు పీకి, మడిచి, సైకిలు వెనక కట్టుకుపోవచ్చు. ఐదుకు మూడున్నర ఇస్తాను. ఆ పైపు సరిగ్గా ఉంటే నాలుగు ఇచ్చేదాన్ని.