ఎక్సిషన్ చార్ట్: పాథాలజీ రిపోర్టు కోసం ఆగాలా, క్లెయిమ్ పంపేయాలా?

మాది అమెరికా మెడికల్ కోడింగ్, అంటే డాక్టర్ నోట్ చదివి జబ్బుకీ చికిత్సకీ కోడ్లు వేసి ఇన్సూరెన్స్‌కి క్లెయిమ్ (బిల్లు) పంపే పని. డెర్మటాలజీ (చర్మ వ్యాధుల) చార్టులు కొత్తగా చేతికొచ్చిన జూనియర్లు నన్ను అడిగేది ఎప్పుడూ ఇదే. "చర్మం మీది గడ్డ కోసి తీసేశారు (ఎక్సిషన్), ల్యాబు నుంచి పాథాలజీ రిపోర్టు రాలేదు, టార్గెట్ మాత్రం ఇవాళ్టిది. ఏం చేయమంటారు అక్కా?"

పంపేయడంలో లాభం లేకపోలేదు. డబ్బు తొందరగా వస్తుంది, పెండింగ్ పేరుకోదు, సాయంత్రం టీమ్ లీడ్ టెన్షన్ ఉండదు. డయాగ్నోసిస్‌కి డి49.2 ఉంది, అంటే స్వభావం ఇంకా తెలియని గడ్డ. ప్రొసీజర్‌కి ఇప్పటికి బినైన్ (క్యాన్సర్ కాని గడ్డ) కోడ్ వేసి, మాలిగ్నెంట్ (క్యాన్సర్) అని తేలితే కరెక్టెడ్ క్లెయిమ్ పంపుకుందాం అంటారు. అప్పటికి ఆ చార్ట్ ఎవరి చేతిలో ఉంటుందో, వాళ్లకి గుర్తుంటుందో లేదో!

నేనైతే ఆగమనే చెబుతాను. ఎక్సిషన్‌లో ప్రొసీజర్ కోడే రిపోర్టును బట్టి మారిపోతుంది. వీపు మీద లీజన్ (గడ్డ) 1.5 సెం.మీ., రెండు వైపులా మార్జిన్ (చుట్టూ కలిపి తీసే మంచి చర్మం) 0.4 చొప్పున, మొత్తం 2.3. బినైన్ అయితే 11403, మాలిగ్నెంట్ అయితే 11603. డాక్టర్ పెట్టిన కోత మాత్రం ఒకటే. మెడికేర్‌కి (అమెరికా ప్రభుత్వ ఇన్సూరెన్స్) క్లెయిమ్ పంపడానికి 12 నెలల గడువుంది కాబట్టి రిపోర్టు వచ్చేదాకా ఆగితే కొంపేమీ మునగదు. ప్రైవేటు ఇన్సూరెన్స్‌లలో గడువు తక్కువ ఉండొచ్చు, కాంట్రాక్టు చూసుకోండి.

డబ్బు కన్నా నన్ను ఆపేది పేషెంట్ రికార్డు. నోట్‌లో "రూల్ అవుట్ మెలనోమా" (మెలనోమా అనే చర్మ క్యాన్సర్ కాదని తేల్చుకోవాలి) అని ఉందని మెలనోమా కోడ్ సి43 వేస్తే, లేని క్యాన్సర్ ఆ మనిషి పేరు మీద పడుతుంది. ఔట్‌పేషెంట్‌లో అనుమానాన్ని జబ్బుగా కోడ్ చేయకూడదు. "అన్‌సర్టెన్" గడ్డ కోడ్ డి48.5 అంతకన్నా మోసం చేస్తుంది. "అన్‌సర్టెన్" అంటే మనకు ఇంకా తెలియదని కాదు, స్లైడ్ చూసిన పాథాలజిస్టు కూడా ఇటో అటో తేల్చలేకపోయాడని. మొదటి ఏడాది ఆడిట్‌లో నేను దొరికిపోయింది దీని దగ్గరే.

ఆగమన్నాను కదా అని కొలత కూడా రిపోర్టులోంచి తీసుకోకండి. తీసిన ముక్క ముడుచుకుపోతుంది. 2.3 కాస్తా 1.9 అయితే కోడ్ 11402కి దిగిపోతుంది. కోతకు ముందు డాక్టర్ కొలిచి రాసిందే లెక్క. నోట్‌లో లేకపోతే డాక్టర్‌నే అడుగుతూ క్వెరీ పెట్టండి.

షేవ్ రిమూవల్ (పైపైన చెక్కి తీయడం), బయాప్సీలకు (పరీక్షకు చిన్న ముక్క తీయడం) ప్రొసీజర్ కోడ్ రిపోర్టుతో మారదు, డయాగ్నోసిస్ ఒక్కటే చూసుకోవాలి. పులిపిర్లు కాల్చేసినప్పుడు (17110) సాధారణంగా ల్యాబుకు పంపడానికి ముక్కే ఉండదు, కాబట్టి ఆగే ప్రశ్నే లేదు.

ఎక్సిషన్‌లో కూడా ఒక్కచోట పంపేయమంటాను. క్యాన్సర్ అని ముందే తేలి, మార్జిన్ కోసం మళ్లీ కోసినప్పుడు. రెండో ముక్కలో ఏమీ మిగల్లేదని వచ్చినా అది మాలిగ్నెంట్ కోడే. మొదటి సర్జరీ తర్వాత 10 రోజుల్లోపు చేస్తే 58 మాడిఫయర్ (ఇది మొదటి సర్జరీకి కొనసాగింపే అని కోడ్ పక్కన వేసే గుర్తు) మర్చిపోకండి.