ముప్పై ఫ్లాట్ల అపార్ట్‌మెంటుకి సొసైటీ యాప్ అవసరమా? మూడేళ్లు వాడాక నా మాట

మాది నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో ముప్పై ఫ్లాట్ల అపార్ట్‌మెంటు. అసోసియేషన్ ట్రెజరర్‌ని నేనే. బ్యాంకులో చేసి రిటైరైనవాడు దొరికితే లెక్కల పుస్తకం అతని చేతిలో పెట్టకుండా ఎవరూరుకుంటారు? మెయింటెనెన్సు వసూళ్లు, గేటు దగ్గర రాకపోకలు, ఫిర్యాదులు అన్నీ కలిపి చూసే యాప్ ఒకటి డబ్బులు కట్టి తీసుకుని మూడేళ్లు దాటింది. దాని పేరు చెప్పను. మీకు ఏ కంపెనీ వాళ్లు ఫోన్ చేసినా ఇంచుమించు ఈ మూడు పనులే చూపిస్తారు.

నా లెక్కలో జమాఖర్చుల భాగానికి పెట్టిన డబ్బు గిట్టింది. గేటు భాగం శుద్ధ దండగ.

మా ఓనర్లలో మూడో వంతు ఇక్కడ ఉండరు. కొందరు హైదరాబాదు, బెంగళూరు, ఇద్దరు ముగ్గురు అమెరికా. ఫ్లాట్లు అద్దెకిచ్చి, ఏడాదికోసారి సంక్రాంతికి వచ్చి "లిఫ్టు పెయింటు పోయిందేంది, మా డబ్బులన్నీ ఏం చేస్తున్నారు?" అని అడిగిపోతారు. వాట్సాప్ గ్రూపులో పెట్టిన ఖర్చుల చిట్టా రెండు రోజుల్లో పుట్టినరోజు శుభాకాంక్షల కింద పడిపోయేది. ఇప్పుడు ప్రతి ఖర్చుకీ బిల్లు ఫొటో జతచేసి ఎక్కిస్తున్నాం. ఎవరు ఎప్పుడు చూడాలన్నా అక్కడే ఉంటుంది.

దీని విలువ ఎండాకాలంలో తెలిసింది. మే నెల వస్తే మా బోరు దిగిపోతుంది, నీళ్ల ట్యాంకర్లు తెప్పించాల్సిందే. ఎన్ని వచ్చాయి, ఎన్నింటికి డబ్బులిచ్చాం అన్నదాని మీద ప్రతి ఏడూ గొడవే. వాచ్‌మన్ గోడ మీద సుద్దముక్కతో గీతలు పెట్టేవాడు, పిల్లలు చెరిపేసేవాళ్లు. ఇప్పుడు ట్యాంకరు సంపు దగ్గర ఆగగానే వాచ్‌మన్ భార్య ఫొటో తీసి పంపుతుంది, టైముతో సహా. నెలాఖరున ట్యాంకరతను చెప్పిన లెక్కకీ మా ఫొటోలకీ తేడా వస్తే ఇక మాట్లాడేదేముంది? మాలో మాకు తగవులు తగ్గింది ఇక్కడే.

వసూళ్ల సంగతి వేరు. ఒకటో తారీఖుకల్లా బిల్లు ఫోన్‌కి పోతుంది, కట్టగానే రసీదు వస్తుంది. మామూలుగా కట్టేవాళ్లు వారం ముందే కడుతున్నారు. మొండి బకాయిలకి మాత్రం యాప్ ఎన్ని రిమైండర్లు పంపినా చలనం లేదు. సెక్రటరీ, నేనూ వాళ్లింటికి వెళ్లి కాఫీ తాగి అడిగితేనే వచ్చాయి. బకాయిదారుల జాబితా అందరికీ కనిపించేలా పెట్టే మీట కూడా ఉంది. మేం వాడలేదు. నలుగురిలో పరువు తీస్తే ఆ కట్టేదీ కట్టరని నా ఉద్దేశం.

యూపీఐ మీద వ్యాపారుల నుంచి బ్యాంకులు వసూలు చేసే రుసుము (ఎండీఆర్ అంటారు) 2020 జనవరి నుంచి సున్నా. అయినా యాప్‌లోంచి కడితే ప్లాట్‌ఫాం ఫీజు అంటూ కొంత పట్టుకుంటారు. డబ్బు మా ఖాతాకి చేరడానికి రెండు రోజులు. అందుకే అసోసియేషన్ ఖాతా క్యూఆర్ కోడ్ లిఫ్టు పక్కన అంటించాం. కట్టినవాళ్లు పన్నెండంకెల రిఫరెన్సు నంబరు పంపిస్తే నేను యాప్‌లో జమ వేస్తాను. నెలకో సాయంత్రం పని.

అమ్మడానికి వచ్చిన కుర్రాడు జీఎస్టీ మాడ్యూలు కూడా తీసుకోమని తెగ బతిమాలాడు. ఒక్కో సభ్యుడి దగ్గర నెలకి తీసుకునేది 7,500 రూపాయలు దాటి, అసోసియేషన్ ఏడాది వసూళ్లు కూడా 20 లక్షలు దాటితేనే ఆ 18 శాతం గోల. మాది ఫ్లాటుకి నెలకి 2,000 రూపాయలు, ఏడాదికి 7 లక్షల 20 వేలు. మీరూ ఈ కూడిక చేసుకోకుండా సంతకం పెట్టకండి.

ఫిర్యాదుల భాగాన్ని మొదట్లో నేను తేలిగ్గా తీసేశాను. నవంబరు వానలకి సెల్లారులోకి నీళ్లొస్తే ఎవరూ యాప్ తెరవరు, బాల్కనీలోంచి వాచ్‌మన్‌ని కేకేస్తారు, అదే నయం కూడా. అయితే లిఫ్టు ఆగిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఫిర్యాదు రాయడం వల్ల తారీఖులన్నీ వరసగా మిగిలాయి. లిఫ్టు ఏడాది మెయింటెనెన్సు ఒప్పందం (ఏఎంసీ) రెన్యువల్ రోజున ఆ జాబితా బల్ల మీద పెడితే, రేటు పెంచడానికి వచ్చిన లిఫ్టు కంపెనీ మనిషి పాత రేటుకే ఒప్పుకుని వెళ్లాడు.

ఇక గేటు. ఇది మూడు షిఫ్టుల సెక్యూరిటీ, నాలుగు టవర్లు ఉన్న చోటికి చేసినది. మా వాచ్‌మన్ కుటుంబంతో సెల్లారు గదిలోనే ఉంటాడు. పాలవాడు, ఆకుకూరలామె, ఎవరి అల్లుడు ఎవరు, అన్నీ అతనికి తెలుసు. అలాంటివాడి చేత వచ్చిన ప్రతి మనిషి ఫోన్ నంబరూ కొట్టించి, పైనున్నవాళ్లు మీట నొక్కేదాకా నిలబెట్టించాం. రొట్టెల పండక్కి ఊళ్లోకి జనం దిగారు, ప్రతి ఫ్లాటుకీ చుట్టాలే. గేటు దగ్గర ఆటోల వరస, పైన ఫోన్ తీయనివాళ్లు. "సార్, ఇది నావల్ల కాదు" అని ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. అతని తప్పేం లేదు.

అద్దెకొచ్చినవాళ్ల ఆధార్ కాపీలు కూడా ఎక్కించమంటుంది. నేను ఎక్కించనివ్వలేదు. వ్యక్తిగత డేటా రక్షణకి 2023లో చట్టమే వచ్చింది, రేపు ఆ కాగితాలు బయటికి పొక్కితే ముందు అడిగేది మమ్మల్నే. తెలుగులో నోటీసు రాస్తే స్క్రీను మీద బాగానే ఉంటుంది, పీడీఎఫ్ చేస్తే మాత్రం అక్షరాల బదులు డబ్బాలొస్తాయి. ఎన్నిసార్లు చెప్పినా సరిచేయలేదు. గృహరుణాల ప్రకటనల గురించి చెప్పకపోవడమే మంచిది.

యాప్ ఉందని మినిట్స్ పుస్తకం మానేయకండి. మాది 2001 నాటి సొసైటీల చట్టం కింద రిజిస్టరైన సంఘం. జనరల్ బాడీ తీర్మానం సంతకాలతో కాగితం మీద ఉండాల్సిందే. ఖాతాలో సంతకాలు మార్చాలన్నా బ్యాంకు అడిగేది దాన్నే. యాప్‌లో పెట్టిన ఓటింగు ఫలితం తీసుకెళ్తే కౌంటరు అవతల నేనున్నా ఒప్పుకునేవాణ్ణి కాదు.

ఈసారి రెన్యువల్‌లో జమాఖర్చులు, ఫిర్యాదులు ఉంచుకుని గేటు తీసేయించాం. ఫ్లాటుకింత చొప్పున కట్టేది సగానికి దగ్గరగా తగ్గింది. మీవి పది పదిహేను ఫ్లాట్లే అయి ఓనర్లంతా అక్కడే ఉంటే ఇదీ అక్కర్లేదు, గూగుల్ షీటూ గోడ మీద క్యూఆర్ కోడూ చాలు. తీసుకునేటట్టయితే మాత్రం లెక్కలన్నీ ఎక్సెల్‌లోకి దింపుకోనిస్తారా అని డబ్బు కట్టకముందే మెయిల్‌లో రాయించుకోండి. మాకు పీడీఎఫ్‌లే ఇచ్చారు. మొదటి ఏడాది పద్దులన్నీ ఆడిటరు దగ్గరి కుర్రాడు మళ్లీ కూర్చుని చేత్తో కొట్టాడు, దానికి విడిగా ఫీజు.