మూడు బంతుల స్పైరోమీటర్: గుండె ఆపరేషన్ అయిన మా పాపకు వాడి చూశాక

ఆరేళ్ల మా పాపకు గుండెలో రంధ్రం మూసే ఆపరేషన్ అయ్యాక ఈ స్పైరోమీటర్ ఇచ్చారు. మందుల షాపుల్లో కనిపించేదే, ఊపిరి వ్యాయామం చేయించే చిన్న పరికరం: గొట్టం నోట్లో పెట్టుకుని గాలి లోపలికి పీలిస్తే మూడు గదుల్లోని మూడు బంతులు పైకి లేస్తాయి.

ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ అది దేవుడిచ్చిన వస్తువే అనిపించింది. రొమ్ము ఎముక కోశారు కదా, నొప్పికి పిల్ల పైపైనే ఊపిరి తీసేది. అలా తీస్తే ఊపిరితిత్తుల అడుగు భాగం ముడుచుకుపోయి కఫం నిలిచిపోతుంది. ఎంత బతిమాలినా గట్టిగా పీల్చని పిల్ల, బంతి లేస్తుందంటే లేచి కూర్చునేది.

ఇంటికొచ్చాక తెలిసింది దాని లోపం. లోపలికి ఎంత గాలి వెళ్లిందో అది చూపదు, ఎంత జోరుగా లాగారో చూపిస్తుంది. పైన రాసి ఉన్న 600, 900, 1200 కూడా సెకనుకు ఇన్ని మిల్లీలీటర్లనే. పాప సర్రున ఒక్క లాగు లాగేది. మూడు బంతులూ ఎగిరి టక్కున పడేవి. ఆ లాగుడుకి భుజాలు చెవుల దాకా లేచేవి, పొట్ట మాత్రం కదిలేది కాదు. ఇది సరైన పద్ధతి కాదని చెప్పేవాళ్లు లేరు. డిశ్చార్జ్ కాగితంలో ‘చెస్ట్ ఫిజియోథెరపీ కొనసాగించాలి’ అని, అంటే ఊపిరితిత్తుల వ్యాయామాలు ఆపొద్దని, ఒక్క ముక్క రాసి వదిలేశారు. ఎలా చేయించాలి, రోజుకు ఎన్నిసార్లు, ఎన్నాళ్లు? ఏమీ లేదు. ఆ కాగితం మీద నా కోపం ఇప్పటికీ తగ్గలేదు.

రివ్యూలో ఫిజియోథెరపిస్టు మేడం చూసి, “మూడూ ఎగరక్కర్లేదమ్మా. మొదటి బంతిని మెల్లగా లేపి మూడు లెక్కపెట్టేదాకా నిలబెడితే చాలు” అన్నారు. ఎగరని బంతి పాపకు రుచించలేదు. అప్పుడావిడ సబ్బునీళ్లు తెప్పించారు. బుడగ చిట్లకుండా పెద్దది కావాలంటే ముందు నిండా పీల్చాలి, తర్వాత నెమ్మదిగా వదలాలి. మేం చెప్పి చెప్పి నేర్పలేనిది ఆ బుడగ నేర్పింది! నాకు కళ్లనీళ్లొచ్చాయి. మధ్యలో దగ్గొస్తే దిండు గుండెకు హత్తుకుని దగ్గమన్నారు. కుట్టు లాగుతుందని పాప ముందుకు వంగి నడుస్తోంది కదా, దానికి గోడ మీద వేళ్లు పాకిస్తూ చేతులు పైకెత్తే వ్యాయామం చెప్పారు. చంకల్లో చేతులేసి ఎత్తొద్దని, పిర్రల కింద ఒక చెయ్యి, వీపు వెనక ఒక చెయ్యి వేసి ఎత్తుకోమని మా అత్తయ్యకు చేసి మరీ చూపించారు.

మరి కొనాలా అంటే, పక్కన చూసి సరిదిద్దే మనిషి ఉంటే కొనండి. మేమూ పారెయ్యలేదు, మెల్లగా లాగడం వచ్చాక మళ్లీ వాడాం. కానీ మా పాపది ఒక్క రంధ్రమే, ఊపిరితిత్తులకు వేరే జబ్బు లేదు, చెప్తే అర్థం చేసుకునే వయసు. మూడేళ్ల పిల్లలకు ఇది పనికొస్తుందని నేననుకోను. ఫోంటాన్ (గుండెలో ఒక్క పంపు గదే సరిగా పనిచేసే పిల్లలకు చేసేది) లాంటి పెద్ద ఆపరేషన్ అయిన పిల్లల లెక్కే వేరు, వాళ్లకేం చేయించాలో వాళ్ల డాక్టర్లనే అడగండి. ఎవరికైనా సరే, డిశ్చార్జ్ రోజున బిల్లు కట్టే హడావుడిలో పడకముందే ఫిజియోథెరపిస్టును మంచం దగ్గరికి పిలిపించి, అన్నీ చేయించి చూసుకోండి. వీలైతే ఫోనులో వీడియో తీసుకోండి.