ఐఫోన్ 18 ప్రో కోసం ఆగడమా, ఐఫోన్ 17 ఇప్పుడే తీసుకోవడమా: ఏది మేలు?

కొత్త ఐఫోన్ కొనాలనుకునేవారిని ఇప్పుడు ధర కంటే ఎక్కువగా సందిగ్ధంలో పడేస్తున్నది, రాబోయే మోడల్ గురించి వినవస్తున్న వార్తలే. 2025 సెప్టెంబరులో విడుదలైన ఐఫోన్ 17, 17 ప్రో దుకాణాల్లో సిద్ధంగా ఉన్నాయి. 2026 సెప్టెంబరు ప్రాంతంలో ఐఫోన్ 18 ప్రోతో పాటు ఆపిల్ మొట్టమొదటి మడత ఫోన్ కూడా వస్తుందని, మామూలు ఐఫోన్ 18 మాత్రం 2027 మార్చి, ఏప్రిల్ వరకూ రాదని పుకార్లు చెబుతున్నాయి. వీటిలో ఏదీ కంపెనీ ప్రకటించినది కాదు. అయినా వీటిని నమ్మి చాలామంది కొనుగోలును వాయిదా వేస్తున్నారు కాబట్టి, ఆగితే నిజంగా ఒరిగేదేమిటో లెక్క చూసుకోవడం అవసరం.

మామూలు మోడల్ కొనదలచినవారి విషయంలో నా అభిప్రాయం స్పష్టం: ఐఫోన్ 17 ఇప్పుడే తీసుకోవడం మేలు. ఐఫోన్ 16 మన దేశంలో 128 జీబీ స్టోరేజీతో 79,900 రూపాయలకు వచ్చింది. దాని తెర సెకనుకు 60 సార్లు మాత్రమే రిఫ్రెష్ అయ్యేది. అందులో సగం ధరకు దొరికే ఆండ్రాయిడ్ ఫోన్లు అప్పటికే 120 ఇస్తుండటం ఆపిల్ అభిమానులను కూడా ఇబ్బంది పెట్టిన విషయం. ఐఫోన్ 17 ధర 82,900 రూపాయలు, స్టోరేజీ 256 జీబీ, తెర 120 హెర్ట్జ్. తాళం వేసి ఉన్నప్పుడు కూడా సమయం, నోటిఫికేషన్లు చూపే ఆల్వేస్ ఆన్ డిస్‌ప్లే కూడా ఇందులో ఉంది. ముందు కెమెరా సెన్సర్ చతురస్రాకారంలో ఉండటం వల్ల ఫోన్‌ను నిలువుగా పట్టుకునే అడ్డంగా సెల్ఫీ తీసుకోవచ్చు, పక్కన నిలబడ్డ నలుగురూ చట్రంలోకి వస్తారు. ఇన్నాళ్లూ ప్రో మోడల్ వైపు నెట్టిన కారణాల్లో ముఖ్యమైనవి ఇప్పుడు మామూలు మోడల్‌లోనే తీరిపోయాయి.

సెప్టెంబరు దాకా ఆగితే ధర తగ్గుతుంది కదా అనే వాదన ఒకటుంది. 2024లో ఐఫోన్ 16 వచ్చినప్పుడు ఐఫోన్ 15 ధర 79,900 నుంచి 69,900కు దిగింది, మరుసటి ఏడాది ఐఫోన్ 16కు కూడా అదే జరిగింది. అయితే ఈ తగ్గింపు ప్రతిసారీ కొత్త మామూలు మోడల్ రాకతో ముడిపడి వచ్చిందన్న సంగతి మరచిపోకూడదు. పుకార్లు నిజమై మామూలు ఐఫోన్ 18 ఈ సెప్టెంబరులో రాకపోతే, ఐఫోన్ 17 ధర తగ్గించాల్సిన ఒత్తిడి కంపెనీకి అంతగా ఉండదు. పుకార్లు అబద్ధమైతే ఆగినవారికి మిగిలేది మహా అయితే ఒక పదివేలు. పైగా కృత్రిమ మేధ డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివరి నుంచి మెమరీ చిప్‌ల ధరలు విపరీతంగా పెరిగాయి, డాలరు విలువ 90 రూపాయలు దాటింది, ఆ ఏడాది సెప్టెంబరులో చేసిన జీఎస్టీ సవరణల్లో కూడా మొబైల్ ఫోన్లపై పన్ను 18 శాతంగానే మిగిలింది. ఇలాంటి పరిస్థితిలో ధర తగ్గుతుందనే భరోసాతో నెలల తరబడి ఎదురుచూడటం నాకు సబబుగా తోచడం లేదు.

ప్రో మోడల్ విషయం ఇంత తేలిగ్గా తేలేది కాదు. ఐఫోన్ 18 ప్రో గురించి చెబుతున్న వాటిలో నన్ను నిజంగా ఆకర్షించేది, అపర్చర్‌ను, అంటే వెలుతురు లోపలికి వచ్చే రంధ్రాన్ని, మార్చుకోగల ప్రధాన కెమెరా. ఐఫోన్ 17 ప్రో ప్రధాన కెమెరా అపర్చర్ ఎఫ్/1.78 వద్ద స్థిరంగా ఉంటుంది. చీకట్లో వెలుతురు ఎక్కువగా తీసుకోవడానికి అది మంచిదే. కానీ సెన్సర్లు పెద్దవయ్యే కొద్దీ, దగ్గరి వస్తువులను తీసేటప్పుడు స్పష్టంగా కనిపించే భాగం కుంచించుకుపోతుంది. పట్టాదారు పాసుపుస్తకం పేజీని దగ్గరగా పెట్టి ఫొటో తీస్తే మధ్యలోని సర్వే నంబరు చక్కగా వచ్చి, అంచుల్లోని అక్షరాలు మసకబారడం చాలామంది గమనించే ఉంటారు. అపర్చర్‌ను సన్నగా చేసుకునే వీలుంటే ఈ చిక్కు చాలావరకూ తీరుతుంది. అయితే ఇది లోకానికి కొత్త కాదు. 2018లో శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్9 ఎఫ్/1.5, ఎఫ్/2.4 మధ్య మారే కెమెరాతో వచ్చింది, ఎస్10 తర్వాత ఆ ఏర్పాటును కంపెనీయే వదిలేసింది. అప్పటి చిన్న సెన్సర్లలో దాని ప్రయోజనం తక్కువ, నేటి పెద్ద సెన్సర్లలో ఎక్కువ. కాబట్టి ఈ పుకారు నిజమైతే దానికి విలువ ఉంటుందనే అనుకుంటున్నాను.

రెండో ఆశ 2 నానోమీటర్ల ప్రక్రియతో తయారయ్యే ఏ20 చిప్. ఆ ప్రక్రియలో అదే వేగానికి విద్యుత్తు వాడకం 25 నుంచి 30 శాతం తగ్గుతుందని, 3 నానోమీటర్ల తరానికి చెందిన ఎన్3ఈతో పోల్చి తయారీదారు టీఎస్ఎంసీ చెబుతోంది. అది చిప్‌కు సంబంధించిన లెక్క మాత్రమే. బ్యాటరీని ఖాళీ చేసేవాటిలో తెర, నెట్‌వర్క్‌తో కలిపే మోడెమ్ కూడా ఉన్నాయి కాబట్టి అంత శాతం బ్యాటరీ అదనంగా వస్తుందని ఆశించడం సరికాదు. ముఖాన్ని గుర్తించి తాళం తీసే ఫేస్ ఐడీ పరికరాల్లో కొన్ని తెర కిందికి వెళ్తాయన్న మూడో పుకారు చూపుకు బాగున్నా, వాడకంలో తెచ్చే మార్పు స్వల్పం.

ఈ ఆశలను ఎంతవరకు నమ్మవచ్చు? ఐఫోన్ పుకార్ల చరిత్ర చూస్తే ఒక క్రమం కనిపిస్తుంది. అవి పూర్తిగా తప్పడం కంటే, ఒక ఏడాది ముందుగా రావడమే ఎక్కువ. 120 హెర్ట్జ్ తెర 2020లో ఐఫోన్ 12 ప్రోలో వస్తుందన్నారు, వచ్చింది 2021లో 13 ప్రోతో. ఆల్వేస్ ఆన్ డిస్‌ప్లే, ఉపగ్రహం ద్వారా అత్యవసర సందేశం రెండూ ఐఫోన్ 13 నాడే వినిపించి 14 తరంలో కనిపించాయి. అసలే రానివి కూడా ఉన్నాయి: 2019లో ఐఫోన్ 11 వెనుక భాగంపై ఇయర్‌బడ్స్ పెట్టి ఛార్జ్ చేసుకోవచ్చన్న మాట ఇంతవరకూ నిజం కాలేదు. ఐఫోన్ 15 ప్రోకు నొక్కితే కదలని బటన్లు వస్తాయని చెప్పిన విశ్లేషకుడు మింగ్-చీ కువో, సాంకేతిక కారణాలతో ఆపిల్ వాటిని విరమించుకుందని 2023 ఏప్రిల్‌లో తానే తెలిపాడు. ఆయన మొదట చెప్పింది కల్పన కాకపోవచ్చు. నమూనా దశలో ఉన్నదంతా ఉత్పత్తి దశకు చేరదు, అంతే. కంపెనీ స్వయంగా ఇచ్చిన మాట కూడా ఆలస్యం కావచ్చు. 2024 జూన్‌లో వేదికపై చూపిన కొత్త సిరిని (మాటతో పనిచేసే ఆపిల్ సహాయకిని) 2025 మార్చిలో వాయిదా వేయాల్సి వచ్చింది.

ఆకారానికి సంబంధించిన లీకులను మాత్రం నేను గట్టిగానే నమ్ముతాను. 17 ప్రో వెనుక అడ్డంగా పరుచుకున్న కెమెరా పట్టీ విడుదలకు నెలల ముందే బయటపడింది.

మడత ఫోన్ కోసమే ఆగేవారికి నేను చెప్పదలచినది ఇంతే: మొదటి తరం కొనవద్దు. పుకార్ల ప్రకారం అది పుస్తకంలా తెరుచుకుంటుంది, లోపలి తెర 7.8 అంగుళాలు, ధర 2,000 డాలర్లకు పైమాటే. అమెరికాలో 1,099 డాలర్లున్న 17 ప్రో ఇక్కడ 1,34,900 రూపాయలు కాబట్టి, అదే నిష్పత్తిలో చూస్తే మడత ఫోన్ మన దగ్గర సుమారు 2,45,000 రూపాయలు అవుతుంది. 2019లో శామ్‌సంగ్ మొదటి ఫోల్డ్ సమీక్షకుల చేతుల్లోనే తెరలు పాడై, ఏప్రిల్‌లో రావలసినది సెప్టెంబరుకు వెళ్లింది. ఆ తర్వాత ఆ సాంకేతికత చాలా మెరుగుపడింది, శామ్‌సంగ్ ఏడో తరం ఫోల్డ్ 2025లో 1,74,999 రూపాయలకు ఇక్కడ దొరికింది. అయినా ఆపిల్‌కు ఇది మొదటి ప్రయత్నమే. అంత సొమ్ము పెట్టేవారు కనీసం ఒక ఏడాది వాడకం ఎలా ఉందో చూశాక నిర్ణయించుకోవడం మంచిది.

ఎదురుచూసే సౌకర్యం మనదాకా వస్తుందా అన్నది కూడా చూసుకోవాలి. ఉపగ్రహ సందేశం 2022 నుంచి ఐఫోన్లలో ఉన్నా భారతదేశంలో పనిచేయదు. ఆపిల్ కృత్రిమ మేధ సౌకర్యాలైన ఆపిల్ ఇంటెలిజెన్స్ భారతీయ ఇంగ్లీషుకు 2025 ఏప్రిల్‌లో వచ్చింది గాని, తెలుగుకు రాలేదు. గూగుల్ కృత్రిమ మేధ సహాయకి జెమినీ లైవ్‌తో తెలుగులో మాట్లాడుకోవడం 2024లోనే మొదలైన సంగతి తెలిసినవారికి ఈ లోటు మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఈ కారణం కోసం ఐఫోన్ 18 ప్రో దాకా ఆగడంలో అర్థం లేదు, ఎందుకంటే భాషలు సాఫ్ట్‌వేర్‌తో వస్తాయి, వస్తే 17కూ వస్తాయి.

ఇక ప్రో కొనదలచినవారిలో, చేతిలో 15 ప్రో లేదా 16 ప్రో ఉన్నవారు నిశ్చింతగా ఆగవచ్చు. బ్యాటరీ హెల్త్ 80 శాతం కంటే దిగితే బ్యాటరీ మార్పించుకుంటే చాలు. 12 ప్రో, అంతకన్నా పాతవి వాడుతూ ఇబ్బంది పడుతున్నవారు 17 ప్రో తీసుకోవచ్చు. వేడిని పంచే వేపర్ చాంబర్, దూరపు దృశ్యాలను 4 రెట్ల జూమ్‌తో తీసే 48 మెగాపిక్సెళ్ల టెలిఫొటో కెమెరా వారికి పెద్ద మార్పే. ఈ రెండు వర్గాలకూ మధ్యనున్నవారికి నేను సూచించేది వేరే దారి: 18 ప్రో కోసం కాక, 18 ప్రో వచ్చాక తగ్గే 17 ప్రో కోసం ఆగాలి. కొత్త ప్రో రాగానే ఆపిల్ తన స్టోర్‌లో పాత ప్రోను నిలిపేస్తుంది, మిగిలిన సరుకు పండగ సేల్స్‌లోకి చేరుతుంది. 1,19,900 రూపాయలకు వచ్చిన 16 ప్రోను 2025 దసరా ముందు సేల్‌లో ఆఫర్లన్నీ కలుపుకుని 70 వేల దరిదాపుల్లో ప్రకటించారు. అలాంటి ధరకు స్టాకు కొద్దిసేపే ఉంటుంది. పాత ఫోన్ అమ్మదలచుకుంటే మాత్రం ఆగస్టులోనే అమ్మడం మంచిది. కొత్తది విడుదలైన వారం నుంచే పాతదాని ఎక్స్ఛేంజ్ విలువ పడిపోతుంది.