విత్తనం నుంచి చామంతి, దీపాల కింద: పగలు పొడిగించడం మేలా, రాత్రిని తెంపడం మేలా?

ఎండ సోకని గదిలో, కేవలం దీపాల వెలుతురుతో చామంతిని విత్తనం నుంచి పూలదాకా తీసుకురాదలచినవారు రెండు విషయాలు తేల్చుకోవాలి. నారు ఆకులు వేసుకుంటూ బలపడే కాలంలో పూతను ఎలా ఆపి ఉంచాలన్నది మొదటిది. అలా ఆపిన పూతను ఎప్పుడు, రోజుకు ఎన్ని గంటల వెలుతురుతో రానివ్వాలన్నది రెండవది. పూతను ఆపడానికి దీపాన్ని రోజుకు 16 గంటలు ఏకధాటిగా వెలిగించవచ్చు. లేదా 12 గంటలు వెలిగించి, నడిరాత్రి నాలుగు గంటలపాటు మసక వెలుగు ఇవ్వవచ్చు. పూత విషయంలో ఈ రెండు పద్ధతుల ఫలితం ఒకటే అయినా, మొక్క బలంలో, మన శ్రమలో, పొరపాటుకు ఉన్న అవకాశంలో వాటి దారులు వేరు.

చామంతి హ్రస్వదిన మొక్క, అంటే పగలు పొట్టిగా ఉన్నప్పుడు పూసేది, అని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఆ పేరు పెట్టిన కాలానికి అది సబబే కానీ కొంత దారి తప్పిస్తుంది. 1920లో అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన గార్నర్, అలార్డ్ అనే శాస్త్రవేత్తలు పొగాకు, సోయా మొక్కలను పరిశీలించి, పూత రాకను పగటి నిడివి శాసిస్తుందని వెల్లడించారు. తర్వాత 1938లో హామ్నర్, బానర్ మరులమాతంగి మొక్కపై చేసిన ప్రయోగాల్లో అసలు సంగతి బయటపడింది: దీర్ఘమైన రాత్రి నడుమ కాసేపు వెలుతురు పడితే చాలు, ఆ మొక్క పూయడం మానేసింది. అంటే మొక్క లెక్కపెట్టుకునేది తెంపులేని చీకటినే. ఆకుల్లోని ఫైటోక్రోమ్ అనే వర్ణకం ఎర్రని వెలుగు తగలగానే చురుకైన రూపానికి మారుతుంది, చీకట్లో నెమ్మదిగా ఆ చురుకు కోల్పోతుంది. నడిరాత్రి దీపం ఆ లెక్కను మళ్లీ మొదటికి తెస్తుంది. రాత్రిని తెంపే పద్ధతికి ఆధారం ఇదే.

ఈ తెంపుకు గొప్ప వెలుగేమీ అక్కర్లేదు. ఆకుల మీద సుమారు 100 లక్స్ (కంటికి కనిపించే వెలుతురు కొలత) పడితే సరిపోతుంది. దాన్నికూడా ఏకబిగిన ఇవ్వకుండా అరగంటకు ఆరేడు నిమిషాల చొప్పున ఆ నాలుగు గంటలూ ఇచ్చినా చామంతి మొగ్గ వేయకుండా ఆగుతుంది. కరెంటు ఖర్చు తగ్గుతుంది, గది వేడెక్కదు. అయితే 100 లక్స్ వెలుతురుతో ఆకు తయారుచేసుకునే ఆహారం లెక్కలోకి రానంత స్వల్పం. పగలు ఎండ పుష్కలంగా అందే చోట అది లోపం కాదు, ఎండ లేని గదిలో మాత్రం లోపమే. మొక్క వాడుకునే కాంతి కణాలను మోల్‌లలో లెక్కిస్తారు, పది లక్షల మైక్రోమోల్‌లు ఒక మోల్. సెకనుకు చదరపు మీటరుకు 200 మైక్రోమోల్‌ల వెలుగునిచ్చే దీపం 16 గంటల్లో సుమారు 11.5 మోల్‌లు అందిస్తే, 12 గంటల్లో 8.6 మాత్రమే అందిస్తుంది. పైగా 16 గంటల దీపం ఆరిపోతే మెలకువగా ఉన్న మనకు వెంటనే తెలుస్తుంది. నడిరాత్రి దీపం మొరాయిస్తే మనం నిద్రలో ఉంటాం, వారాల తర్వాత అకాలపు మొగ్గలు కనిపించేదాకా సంగతి తెలియదు. అందువల్ల గది లోపలి నారుకు 16 గంటల పద్ధతే మేలని నా అభిప్రాయం.

ఇక పూతకు మళ్లించే సమయం. నారుకు ఆరేడు ఆకులు రాగానే తల చిగురు తుంచి, పక్క చిగుళ్లు వేలెడంత పొడవయ్యేదాకా పగలు పొడుగ్గానే ఉంచడం నాకు నచ్చిన దారి. అంతకంటే ముందే మళ్లిస్తే మొక్క పొట్టిగా, నాలుగైదు పూలతో ముగుస్తుంది. మరీ ఆలస్యమైతే దీపాన్ని తాకేంత సాగి కాడలు వాలిపోతాయి. ఇక్కడ విత్తనపు మొక్కకు ఒక చిక్కు ఉంది. కొమ్మ కత్తిరింపులతో పెంచిన చామంతులన్నీ ఒకే తల్లి నకళ్లు కాబట్టి ఒకేసారి పూస్తాయి. చామంతి రకాల్లో కొన్ని దీర్ఘరాత్రులు మొదలైన ఆరు వారాలకే పూస్తే, మరికొన్ని పదిహేను వారాలు తీసుకుంటాయి. విత్తనం నుంచి వచ్చిన మొక్కల్లో ఈ తేడా ఒకే ట్రేలో కూడా కొంత కనబడుతుంది. ఫలానా తేదీకి అన్నీ విచ్చుకోవాలనుకునేవారికి విత్తనం సరైన ఎంపిక కాదు.

పూత దశలో 13 గంటల వెలుతురా, 12 గంటలా, 10 గంటలా? మొగ్గ మొదలవడానికి రమారమి పదమూడున్నర గంటల లోపు పగలు సరిపోతుంది, కానీ ఆ మొగ్గ ఎదగడానికి అంతకంటే పొట్టి పగలు కావాలి. 13 గంటలతో సాహసించడం అనవసరం. 10 గంటలు సురక్షితమే అయినా చేతికందిన వెలుగును ఊరికే వదులుకోవడమవుతుంది. 12 గంటలే నయం. తగ్గిన నాలుగు గంటల లోటు పూడాలంటే దీపం తీవ్రతను మూడోవంతు పెంచాలి, అంటే 200 ఉన్నచోట సుమారు 267 మైక్రోమోల్‌లు ఇవ్వాలి.

గంటల కంటే ఎక్కువగా దెబ్బతీసేది కారే వెలుగు. ఒకసారి నా అరలో వెనక వరుస మొక్కలన్నీ బఠాణీ గింజంత మొగ్గలు వేస్తే, తలుపువైపు వరుస ఆకులు వేస్తూనే ఉండిపోయింది. సంగతేమిటని రాత్రి గదిలో కూర్చుని చూస్తే, తలుపు కింది సందులోంచి పక్క గది దీపం పలచని గీతలా సరిగ్గా ఆ ఆకుల మీదే పడుతోంది. ఆ వరుసలో అప్పటికే వచ్చిన ఒకటి రెండు మొగ్గలు కూడా ఎదుగుదల ఆగి, వాటి కింద సన్నని పట్టీల్లాంటి ఆకులు పుట్టాయి. సందు మూసిన తర్వాత ఆ మొగ్గలు కోలుకోకముందే పక్క కొమ్మలు వాటిని దాటి పూశాయి. నల్లగుడ్డ కప్పి చీకటి చేసేవారికి ఇంకో జాగ్రత్త అవసరం: గుడ్డ కింద రాత్రి వేడి నిలిచిపోతే, చీకటి ఎంత కచ్చితంగా ఉన్నా పూత వెనకబడుతుంది, అందుకే దీపాలు పూర్తిగా చల్లారాకే కప్పాలి. మొగ్గలో రంగు తొంగిచూసేదాకా ఈ కాపలా ఒక్క రాత్రి కూడా తప్పకూడదు. రంగు కనబడ్డాక మాత్రం మొక్కను నిశ్చింతగా ముందు గదిలోకి తెచ్చుకోవచ్చు.